గోపురాన్ని ముందు చూసినవాడు

ఆ వేసవిలో నేను మా వియ్యంకుడితో ఒక పందెం కట్టాను. నేను గెలిస్తే అతని ఉద్యోగం పోతుంది. అతను గెలిస్తే నేను జన్మంతా నోరు మూసుకోవాలి. ఏది జరిగినా మా రెండిళ్ళూ మునుపటిలా ఉండవు. పందెం తేలాల్సిన చోటు ఒక కొండ మీద ఉంది. అక్కడికి మేం నడిచే వెళ్ళాలి.

మేమిద్దరం చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. నేను దర్జీనయ్యాను. వాడు స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. నా కూతుర్ని వాడి కొడుక్కిచ్చిన రోజున మా ఆడవాళ్ళిద్దరూ కలిసి ఒక చట్టం చేశారు. ఇకమీదట ‘ఒరేయ్’లు చెల్లవు, ‘బావగారూ’ అనే అనుకోవాలి. తొమ్మిదేళ్ళుగా అలాగే పిలుచుకుంటున్నాం. ఆ పిలుపు నాకు చంకల్లో బిగిసిన చొక్కాలా ఉండేది.

దూరాన ఒక పెద్ద చర్చిలో ఉన్న పునీతుని సమాధి దాకా నడిచి వెళదామన్నది అతనే.

"ముప్పై ఒక్క ఏళ్ళు బండి నడిపాను బావగారూ. ఒక్క పిల్ల మోకాలు కూడా గీరుకోలేదు. దేవుడికి థాంక్స్ చెప్పి రావద్దా?"

"ఇక్కడినుంచి చెబితే వినపడదా?"

"వినపడుతుంది. కానీ నేను బస్సెక్కి వెళ్ళి చెబితే డ్యూటీకొచ్చాననుకుంటాడు. నడిచెళ్దాం."

తొమ్మిది వందల కిలోమీటర్లు అనగానే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఈయన నలభై ఏళ్ళు మిషను తొక్కారు అన్నయ్యగారూ, ఒక్క అడుగు ముందుకెళ్ళింది లేదు. మీరేమో కూర్చునే ఊరంతా తిరిగొస్తారు. మీకు కాళ్ళున్న సంగతి మీ కాళ్ళకే తెలీదు."

స్కూలుకి సెలవులిచ్చిన మర్నాడే బయల్దేరాం. మా మనవరాలు వీధి చివరి దాకా వచ్చింది. దానికి ఏడేళ్ళు. నేను సూది తాతని, అతను బస్సు తాత. "సెలవులైపోయేలోపు వచ్చెయ్యి బస్సు తాతా, నువ్వు రాకపోతే బస్సు రాదు" అంది. నన్ను రమ్మనలేదు. సూదికి సెలవులతో పని లేదు కదా.

బస్సు తాళం చెవిని అతను జపమాలతో పాటు మెడలో వేసుకున్నాడు. సెలవుల్లో స్కూల్లో అప్పగించాల్సిన తాళం చెవి అది. ఎందుకు మోయడం అంటే, "బరువు లేకపోతే మెడ తేలిపోతుంది" అన్నాడు.

మూడో రోజు మా ఆడవాళ్ళ చట్టం రద్దయిపోయింది. అతను కాలుజారి కాలవలో పడి, "ఒరేయ్, చెయ్యివ్వరా!" అని అరిచాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట వినగానే నాకెంత ఆనందమేసిందంటే, చెయ్యివ్వడం కాసేపు మర్చిపోయాను.

దారి పొడవునా రాళ్ళ మీద తెల్ల సున్నంతో చిన్న చిన్న శిలువ గుర్తులు వేసి ఉంటాయి. అవే మాకు దారి చూపాలి. రోజుకి ఇరవై కిలోమీటర్లు నడవాలి, సాయంత్రానికి యాత్రికుల సత్రం చేరాలి, యాత్ర పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. సూపు, రొట్టె, ప్రార్థన, నిద్ర. మొదటి పదిహేను రోజులూ అతనే ముందు నడిచాడు. నా మోకాలు కుయ్యో మొర్రో అంటుంటే, వెనక్కి తిరిగి హారను కొట్టినట్టు నోటితో పీ పీ అని అరిచేవాడు.

ఇరవై ఎనిమిదో రోజున సత్రంలో నా మడమ మీద గోలీకాయంత బొబ్బ లేచింది. దానికి యాత్రికులందరికీ తెలిసిన వైద్యం ఒకటే. సూదితో బొబ్బ గుండా దారం దూర్చి వదిలేస్తే నీరు దానంతటదే కారిపోతుంది. సూది చేతిలోనే ఉంది, కళ్ళజోడు సంచి అడుగున ఎక్కడో ఉంది. నాకు చత్వారం. దూరాన కొమ్మ మీది పిట్ట ఏ రంగో చెబుతాను గానీ చేతిలోని సూది బెజ్జం కనపడదు.

"నువ్వెక్కించరా" అని ఇచ్చాను.

అతను సూదిని కిటికీ వైపు ఎత్తి పట్టాడు. దారం కొస తడి చేశాడు. గురి చూసి ఎక్కించాడు, గాలిలోకి. సూదికీ దారానికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి దారం వెళ్ళి అతని బొటనవేలిని పొడిచింది.

"ఇదేం సూదిరా, బెజ్జం పెట్టడం మర్చిపోయారు" అని నవ్వాడు.

నేనూ నవ్వి, సూది తీసుకుని, చూడకుండా వేళ్ళతోనే ఎక్కించుకున్నాను. నలభై ఏళ్ళ అలవాటు అది. కానీ నా బుర్రలో కుట్టు ఊడిన బట్టలా ఒక్కొక్కటే విడిపోసాగింది. రెండు వారాలుగా అతను నా వెనకే నడుస్తున్నాడు. ‘నీ వేగమే నా వేగంరా’ అంటాడు. గ్లాసు ఎత్తేముందు బల్ల మీద తడుముతాడు. ముద్ర వేయించుకునే చోట సంతకం నన్నే పెట్టమంటాడు.

మర్నాడు పొద్దున్నే ఒక కంచె దగ్గర అతను టోపీ తీశాడు. "దేవునికి స్తోత్రం ఫాదర్! అప్పుడే బయల్దేరారా?"

కంచె స్తంభానికి ఎవరో వదిలేసి వెళ్ళిన నల్లకోటు వేలాడుతోంది.

"ఈ ఫాదరుకి పొగరెక్కువలా ఉందే" అని గొణిగాడు.

నేను దారి పక్కన రాతి మీద కూలబడ్డాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"అది ఫాదరు కాదురా. కోటు."

అతను కంచె దాకా వెళ్ళి కోటు చేతిని పట్టుకు చూశాడు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"చలికాలం నుంచి. ఎడమది ముందే పోయింది. కుడిది మసక. అద్దం తుడవకుండా బండి నడిపినట్టుంటుంది."

"ఆ కళ్ళతో బస్సు నడిపావా?"

"రూటు నాకు కంఠతా వచ్చురా. ముప్పై నాలుగు స్టాపులు. గుంటలు, మలుపులు, అన్నీ."

"రూటు కంఠతా వస్తుంది. బంతి వెనకాల రోడ్డు మీదికి ఉరికే పిల్ల కంఠతా వస్తుందా?"

అతని మొహం ఎర్రబడింది. "అందులో నా మనవరాలు కూడా ఉందిరా! దాన్ని నా వెనక సీట్లోనే కూర్చోబెట్టుకుంటాను."

"నా భయమూ అదే."

ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరి కర్రలే టకటకమని పోట్లాడుకున్నాయి.

ఇంటికి ఫోను చేసి చెప్పేస్తే పోయేది కదా అని మీరడగొచ్చు. అది నేను పిల్లనిచ్చిన ఇల్లు. మామగారి ఉద్యోగం ఊడగొట్టిన మనిషి కూతురు అన్న పేరు నా బిడ్డ మోయాలి. పైగా వాడు నా స్నేహితుడు. ఆ తాళం చెవి వాడి మెడలోంచి వాడి చేత్తోనే రావాలని నాకు మొండి కోరిక.

ఆ సాయంత్రం సత్రంలో సూపు వడ్డిస్తూ ముసలి సిస్టరు ఒకావిడ మమ్మల్ని మార్చి మార్చి చూసింది.

"ఏం నాయనా, ఇద్దరూ పోట్లాడుకున్నారా? తొందరగా కలిసిపోండి. కొండ మీదికి విడివిడిగా వెళ్ళకూడదు."

"ఏం కొండ సిస్టర్?"

"చివరి రోజు వస్తుంది. అక్కడినుంచే చర్చి గోపురం మొదటిసారి కనపడుతుంది. కలిసి నడిచినవాళ్ళలో ఎవరు ముందు చూస్తే వాళ్ళు ఆ రోజుకి రాజు. రాజు ఏ కోరిక కోరినా తోడొచ్చినవాళ్ళు కాదనకూడదు. కాదంటే నడిచిందంతా వృథా. వెనకటికి ఒకావిడ రాజయ్యి, మొగుణ్ణి పదేళ్ళు అంట్లు తోమమంది."

"తోముతున్నాడా?"

"పదకొండో ఏడు నడుస్తోంది. మానలేకపోతున్నాడట."

నా వియ్యంకుడు చెంచా కింద పెట్టాడు. పొద్దుటినుంచీ మొదటిసారి నా వైపు తిరిగాడు.

"పందెం. నేను ముందు చూస్తే నువ్వు ఇంట్లో ఒక్క ముక్క చెప్పకూడదు. నువ్వు ముందు చూస్తే బండి వదిలేస్తాను."

చూపు పోతున్నవాడు చూపు మీదే పందెం కాశాడు. నాకు మతిపోయింది. వద్దనడానికి మాత్రం మనసొప్పలేదు, గెలుపు నాదేనని తెలుస్తూనే ఉంది కదా! చేతిలో చెయ్యి వేశాను.

తర్వాత ప్రార్థనలో అతన్ని చూశాను. అందరూ చేతులు జోడించారు. అతను మాత్రం రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకుని, పెదాలు కదుపుతూ మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. అప్పుడర్థమైంది. అతను పందెం కట్టింది నాతో కాదు. దేవుడికి గడువు పెట్టాడు. థాంక్స్ చెప్పడానికి కాదు, అడగడానికి బయల్దేరాడు.

ఇంకా పదిహేడు రోజులుంది. రోజూ లేస్తూనే అతను ఆకాశం వైపు చూసేవాడు. "ఇవాళ కాస్త తేటగా ఉందిరా!" అనేవాడు. దారిలో ఒక ఎర్ర పువ్వుని ఎర్రదని గుర్తుపట్టిన రోజున ఇద్దరం గంతులేశాం. నేనూ వరస మార్చాను. ఒకరోజు గెలిపించమని ప్రార్థించేవాణ్ణి, మర్నాడు ఓడించమని. వాడికి నిజంగా కనపడి నేను ఓడిపోతే అంతకన్నా ఏం కావాలి? ఆ పదిహేడు రోజుల్లో నేను మొక్కినన్ని మొక్కులు నా పెళ్ళప్పుడు కూడా మొక్కలేదు.

నలభై ఆరో రోజు వచ్చేసింది. స్కూలు తెరవడానికి నాలుగు రోజులుంది.

వెలుగు రాకముందే ఇద్దరికీ మెలకువ వచ్చింది. అతను బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. నేను ముందే కట్టుకుని దుప్పటి కింద దొంగనిద్ర పోయాను. అతను వంగి ఉండగానే తలుపు తీసుకుని బయటపడ్డాను.

"తొండి! ఒరేయ్, తొండిరా!" అంటూ వెనకాలే వచ్చాడు.

నడక మొదలైంది, నడక కాస్తా పరుగైంది. బయట తెల్లటి మంచు. కంచె తీగ మీద కర్రని టకటకలాడిస్తూ, ఆ చప్పుడు పట్టుకుని, అతను నన్ను దాటేశాడు. ముప్పై ఏళ్ళు బ్రేకులు తొక్కిన కాళ్ళు! నా మోకాలు ‘నేను రాను, నువ్వెళ్ళు’ అంటోంది. సంచి వీపు మీద ఎగిరెగిరి తంతోంది. దారిలో పాటలు పాడుకుంటూ వెళుతున్న ఆడవాళ్ళ గుంపు పక్కకి జరిగింది.

"ఏంటి బాబాయ్, వెనకాల పులొస్తోందా?"

"వెనకాల కాదమ్మా, ముందు వియ్యంకుడు పోతున్నాడు!"

వాళ్ళ నవ్వులు నన్ను కొంత దూరం తోశాయి. ఎత్తు మొదలైంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అరవైకి దగ్గరపడిన ఇద్దరు తాతలం, పరీక్షల చివరి గంట మోగిన పిల్లల్లా ఎగబడి ఎక్కుతున్నాం. పైన మంచు పలచబడింది. కొండ నెత్తిన ఒక రాతి శిలువ కనపడింది. నాకు ఇంకా ఇరవై అడుగులుందనగా అతను దాన్ని పట్టేసుకున్నాడు.

శిలువని ఆనుకుని అటూ ఇటూ తల తిప్పాడు.

"కనపడింది!"

రెండు చేతులూ గాల్లోకి లేచాయి. "ఒరేయ్, కనపడిందిరా! తెల్లగా! నిటారుగా! దేవునికి స్తోత్రం, నాకు కనపడిందిరా!"

ఆ ఇరవై అడుగులు ఎలా ఎక్కానో తెలియదు. ఓడిపోయానన్న సంతోషం అంత గొప్పగా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. వెళ్ళి అతని పక్కన నిలబడి, చాచిన వేలి వెంట చూశాను.

కుడి పక్కన మంచులోంచి ఒక నీళ్ళ ట్యాంకు పైకి లేచి ఉంది. సిమెంటు కాళ్ళు, గుండ్రటి తల, కొత్తగా వేసిన తెల్ల రంగు.

ఎడమ పక్కకి చూశాను. దూరంగా, అప్పుడే పడుతున్న ఎండలో, రెండు సూదులు పక్కపక్కన గుచ్చినట్టు చర్చి జంట గోపురాలు.

అది ట్యాంకురా. అంతే, ఒక్క మాట. పందెం నాది, బండి ఆగిపోతుంది, మనవరాలు క్షేమం. పదిహేడు రోజులు ఆ మాట కోసమే నడిచాను. వాడు శిలువ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ గంతులేస్తున్నాడు. చెంపలు తడిసిపోయాయి. నా నోరు పెగల్లేదు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను" అన్నాను. అబద్ధం కాదు కదా.

అప్పుడు పొద్దుటి పూజకి గంటలు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత అన్నీ కలిసి లోయ నిండిపోయేలా. అవి ఎడమ పక్కనుంచి వస్తున్నాయి.

అతని చెయ్యి ఇంకా కుడి వైపే చాచి ఉంది. కళ్ళు ఎలా ఉన్నా అతనివి పాము చెవులు. తల మెల్లగా గంటల వైపు తిరిగింది. చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"గంటలు అటు మోగుతున్నాయేంట్రా?"

నేను కర్ర కొనతో మట్టి గీకాను.

"మరి నేను చూసిందేంటి?"

"నీళ్ళ ట్యాంకు."

చెంపలు తుడుచుకుని అడిగాడు, "పెద్దదేనా?"

"ఊరందరికీ సరిపోతుంది."

అతని పొట్ట కదిలింది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వు! పొట్టలోంచి పొంగుకొచ్చిన నవ్వు. "నలభై ఆరు రోజులు నడిచొచ్చి ట్యాంకుకి స్తోత్రం చెప్పానురా!" అంటూ కూలబడ్డాడు. నేనూ కూలబడ్డాను. పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాం. నవ్వడం ఆగాక గంటలు మాత్రం మిగిలాయి.

"నువ్వు రాజువి" అన్నాడు. "కోరుకో."

ఎన్ని రకాలుగా ఆ కోరికని లోపల కుట్టుకున్నానో! బూట్ల తాళ్ళు చూస్తూ కూర్చున్నాను.

అతను మెడలోకి చెయ్యి పోనిచ్చాడు. తాళం చెవి గొలుసు, జపమాల పెనవేసుకుపోయి ఉన్నాయి. కాసేపు తడిమి, రెంటినీ తల మీదుగా తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"చిక్కు పడింది. నువ్వు తియ్యి. నాకు కనపడదు."

ఆ మాట వాడి నోట వినడం అదే మొదటిసారి. నాకూ ఆ చిక్కు కనపడటం లేదు. కొంత చత్వారం, కొంత కన్నీళ్ళు. వేళ్ళతోనే ముడి వెతికి వదులు చేశాను. జపమాల వాడి మెడలో వేశాను. తాళం చెవి నా అరచేతిలో మిగిలింది.

"మీ జేబులో ఉంచండి బావగారూ" అన్నాడు మర్యాదగా. "నా దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు."

ఇంతలో పాటల గుంపు పైకి వచ్చేసింది. గోపురాలు చూసి ఒక్కసారిగా కేకలు, కౌగిలింతలు. ఒకావిడ మా ఇద్దర్నీ కలిపి కావలించుకుంది. అందరం పాడుకుంటూ దిగాం. అతని చెయ్యి నా భుజం మీద ఉంది. "ఎడమకి మలుపు", "గుంట", "మూడు మెట్లు" అని నేను చెబుతుంటే, "ఇంత మంచి కండక్టరు నాకెప్పుడూ దొరకలేదురా" అన్నాడు. ఊళ్ళోకి వచ్చాక కిటికీల్లోంచి జనం చేతులూపారు. రొట్టెల కొట్టువాడు బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు. వీధి మలుపు తిరిగితే చర్చి ముంగిలి. అతను మోకరించి ఆ రాళ్ళని ముద్దుపెట్టుకున్నాడు. నేను మోకరించాను గానీ, లేవడానికి ఇద్దరు ఆడవాళ్ళు పట్టాల్సొచ్చింది.

లోపల పునీతుని రాతి పాదం ఉంది. ఎన్ని వందల ఏళ్ళ చేతులు తాకాయో, వేళ్ళు అరిగి నున్నగా సబ్బుబిళ్ళలా అయిపోయింది. అతను దాని మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. వెనక వరస పెరిగిపోతోంది.

బయటికొచ్చాక అడిగాను. "ఏం కోరుకున్నావు?"

"కోరలేదు. థాంక్స్ చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క పిల్ల మోకాలు గీరుకోలేదు కదా." టోపీ పెట్టుకుంటూ అన్నాడు, "బయల్దేరేటప్పుడు ఇంట్లో అదే చెప్పాగా. అబద్ధం చెప్పినవాణ్ణి కాకూడదని."

రైల్లో తిరిగొచ్చాం. ఇల్లు చేరిన సాయంత్రమే అందరి ముందూ అతనే చెప్పాడు. "నాకు కనపడదు. బండి వదిలేస్తున్నా."

నా కూతురు బిక్కమొహం వేసింది. అల్లుడు నా వైపు చూశాడు. నా వియ్యపురాలు మాత్రం గిన్నెలు సర్దడం ఆపలేదు.

"గోడ గడియారం ఆగిపోయి మూడు నెలలైంది" అంది. "మీరు యాత్రకి వెళ్ళేదాకా రోజూ దాన్ని చూసే టైము చెప్పారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరే చెబుతారని."

కళ్ళ డాక్టరు పోయిన చూపు తేలేనన్నాడు, ఉన్నదాన్ని నిలబెడతానన్నాడు. తాళం చెవి ఇవ్వడానికి స్కూలుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. దాన్ని జేబులోంచి తీసింది నేను, బల్ల మీద పెట్టింది అతను.

స్కూలు తెరిచిన రోజు మా మనవరాలు వీధిలో కొత్త డ్రైవరు బస్సుని చూసి మూతి ముడుచుకుంది. ఎక్కనంది. మూడు కిలోమీటర్లు. మా కాళ్ళకి అదో లెక్కా? అప్పటినుంచి రోజూ ముగ్గురం నడిచే వెళుతున్నాం, అది మధ్యలో, తాతలిద్దరం చెరో పక్కన.

మొదటి రోజే దానికి ఆట నేర్పేశాడు. స్కూలు గేటు ముందు చూసినవాళ్ళే రాజు. చివరి మలుపు తిరగ్గానే అతను రెండు చేతులూ పైకెత్తి అరుస్తాడు.

"కనపడింది! అదిగో!"

"అయ్యో బస్సు తాతా, అది మందుల షాపు!"

అది పొట్ట పట్టుకుని నవ్వుతుంది. కొండ మీద నా నోరు పెగలని మాటని అది రోజూ పొద్దున్నే వీధి వీధంతా వినపడేలా అరుస్తుంది.

"అయితే నువ్వే రాణివి. కోరుకో."

"సంచి నువ్వు మొయ్యి!"

అతను సంచి భుజాన వేసుకుంటాడు. ముప్పై నాలుగు స్టాపులు కంఠతా వచ్చినవాడికి స్కూలు గేటెక్కడుందో తెలియదా? ఆ సంగతి మనవరాలికి చెబుదామని నాకు రోజూ నోటిదాకా వస్తుంది. చెప్పను. పందెంలో గెలిచినా ఓడినా, నోరు మూసుకోవడం నా వంతే అయింది.